చారెడు నేల కోసం... అన్నా లిండ్‌హాగెన్

పెరట్లో నాలుగు వంగ మొక్కలు, గోడ మీదికి పాకించిన ఆనపపాదు, నూతి పక్కన కరివేపాకు చెట్టు... ఇవి ఉన్న ఇంట్లో ఇల్లాలికి రేపటి కూర గురించిన బెంగ సగం తీరినట్టే. మరి ఆ పెరడే లేకపోతే? మూడో అంతస్తులో ఒక్క గది, ఇరుకు వంటిల్లు, కిటికీ తీస్తే ఎదుటివాళ్ల గోడ! అలాంటి ఇళ్లలో వేలమంది కాపురాలు చేస్తున్న ఊళ్లో, ఇంటికి దూరంగానైనా సరే పేద కుటుంబాలకు ఒక పెరడు ఉండి తీరాలని పట్టుబట్టిన స్త్రీ అన్నా లిండ్‌హాగెన్. ఆ ఊరు స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్.

తండ్రి వీధులు గీస్తే...

అన్నా 1870లో స్టాక్‌హోమ్‌లోనే పుట్టింది. తండ్రి ఆల్బర్ట్ లిండ్‌హాగెన్ న్యాయశాస్త్రం చదివినవాడు, రాజకీయాల్లో పేరున్నవాడు. ఊరు ఎలా పెరగాలో చెబుతూ 1866లో ఆయన ఆధ్వర్యంలో ఒక పెద్ద ప్రణాళిక తయారైంది. వెడల్పాటి వీధులు, వాటికి రెండు వైపులా చెట్లు, గాలీ వెలుతురూ వచ్చేలా పార్కులు... ఆలోచన గొప్పదే. కానీ ఊరు పెరిగిన తీరు వేరు. పల్లెల నుంచి పనుల కోసం జనం తరలి వచ్చారు. స్థలం ఖరీదు పెరిగింది. వీధి వైపు ఐదంతస్తుల మేడ, దాని వెనక దొడ్డిలో ఇంకో మేడ! మధ్యలో మిగిలింది ఎండ పొడ తగలని రాతి ముంగిలి.

1887లో తండ్రి పోయేనాటికి అన్నాకి పదిహేడేళ్లు. తనకంటే పదేళ్లు పెద్దవాడైన అన్న కార్ల్ తర్వాత్తర్వాత నగరానికి మేయరయ్యాడు. ఆడవాళ్లకు ఓటు హక్కు ఇచ్చే విషయం పరిశీలించమని 1902లో పార్లమెంటులో ప్రతిపాదన పెట్టింది ఆయనే. ఇలాంటి ఇంట్లో పెరిగిన అమ్మాయి హాయిగా కాలక్షేపం చేస్తే ఎవరూ కాదనరు. అన్నా మాత్రం నర్సు పని నేర్చుకుంది. తర్వాత, కన్నవాళ్ల దగ్గర కాక వేరేవాళ్ల ఇళ్లలో పెరుగుతున్న పిల్లల బాగోగులు చూసే తనిఖీ అధికారిణి అయింది.

ఉద్యోగరీత్యా ఆమె ఎక్కాల్సి వచ్చింది ఆ వెనక మేడల మెట్లే. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న వాటాలో కుటుంబమంతా ఉండటం, అద్దె కలిసొస్తుందని అందులోనే ఇంకొకరికి పడక ఇవ్వడం ఆనాడు మామూలే. క్షయ రోగం ఇంటింటా తిరిగే రోజులవి. పిల్లలు ఆడుకోవడానికి వీధి తప్ప దిక్కు లేదు. మందూ మాకూ ఇస్తే సరిపోయే కష్టం కాదిది.

పక్క దేశంలో దొరికిన దారి

ఆ మార్గం పొరుగునే ఉన్న డెన్మార్క్‌లో కనిపించింది. కోపెన్‌హాగెన్ శివార్లలో కార్మికుల కుటుంబాలు చిన్న చిన్న మడిచెక్కలు అద్దెకు తీసుకుని కూరగాయలు పండించుకుంటున్నాయి. అన్నా అది చూసి వచ్చింది. అన్నా ఓబెర్గ్‌సన్ అనే మరో స్త్రీతో కలిసి 1906లో స్టాక్‌హోమ్‌లో ఇందుకోసం ఒక సంఘం పెట్టింది. స్వీడన్‌లో వీటిని ‘కాలనీ తోటలు’ అంటారు. దక్షిణాన మాల్మో వంటి ఊళ్లలో అప్పటికే మొదలయ్యాయి కానీ, రాజధానిలో వాటిని నిలబెట్టింది ఈ ఇద్దరు అన్నాలే.

పద్ధతి చాలా సులువు. ఇళ్లు కట్టడానికి అప్పుడే అక్కర్లేని నగర భూమిని సంఘం తీసుకుంటుంది. దాన్ని చెక్కలుగా విడగొట్టి కుటుంబాలకు ఏడాదికింత అని కొద్దిపాటి అద్దెకు ఇస్తుంది. ఒక్కో చెక్క సుమారు వంద చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఒక గుంట, లేదా రెండున్నర సెంట్లు! నేల నగరానిదే, పంట మాత్రం సాగుచేసినవాళ్లది. సాగు చేయకుండా బీడు పెడితే ఇంకొకరికి పోతుంది. దారులు, నీళ్లు అందరివీ. పనిముట్లు పెట్టుకోవడానికి, వాన వస్తే తలదాచుకోవడానికి ఓ చిన్న చెక్క గుడిసె వేసుకోవచ్చు.

అద్దె ఎందుకు, ఊరికే ఇస్తే పోలా అనిపించవచ్చు. కిటుకు అక్కడే ఉంది. ఊరికే ఇస్తే అది దానం. అద్దె కట్టిన మనిషి ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. బంగాళదుంప, క్యాబేజీ, క్యారెట్, బఠాణీ, గట్ల మీద పళ్ల పొదలు... పండినవన్నీ ఆ ఇంటి చెమట ఫలమే.

లెనిన్‌కి నచ్చలేదు!

అంతా మెచ్చుకున్నారనుకుంటే పొరపాటే. అన్నా సోషల్ డెమోక్రాట్ పార్టీ మనిషి. 1911 నుంచి నగర సభలో సభ్యురాలు. ఆ ఏడాది నుంచే పార్టీ మహిళల పత్రిక ‘మోర్గన్‌బ్రీస్’కి సంపాదకురాలు కూడా. విమర్శలు సొంత గూటి నుంచే వచ్చాయి. లెనిన్ స్టాక్‌హోమ్ వచ్చినప్పుడు ఆమె బార్నెంగెన్ అనే చోట తోటలు చూపించిందని, ఆయన పెదవి విరిచాడని చెబుతారు. మట్టి గెలుకుతూ కూర్చుంటే కార్మికుడిలో పోరాటపటిమ చచ్చిపోతుందని ఆయన అభిప్రాయం.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. గుంటెడు నేల చేతిలో పెట్టి, ఇరుకింటి సంగతి మరిచిపొమ్మంటే అది మోసమే. కానీ అన్నా అలా అనలేదు. ఓటు హక్కు కోసం, పిల్లల కోసం ఒక వైపు పోరాడుతూనే ఇంకో వైపు ఈ మడిచెక్కలు అడిగింది. రేపటి న్యాయం వచ్చేదాకా ఇవాళ్టి పిల్లాడికి ఎండా, గాలీ, కూరా వద్దా?

కాలం ఆమె వైపే తీర్పు చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధంలో స్వీడన్ పాల్గొనకపోయినా తిండికి కటకట తప్పలేదు. 1917 జనవరిలో రొట్టెకి రేషన్ వచ్చింది. ఆ వసంతంలో బంగాళదుంపలు దొరక్క ఆడవాళ్లు వీధికెక్కారు. నగరంలోని పార్కుల్లో సైతం దుంపలు వేశారు. 1915లో టాంటోలుండెన్ అనే చోట తోటలు వెలిసింది ఆ కరువు ముంచుకొస్తుండగానే. 1921లో దేశంలోని తోటల సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. స్వీడన్ స్త్రీలు మొదటిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసిందీ ఆ ఏడాదే!

ముంగిలి వేరు, మడి వేరు

1916లో అన్నా ఒక పుస్తకం రాసింది. అందులో కాలనీ తోటలతో పాటు, ఇళ్ల మధ్య ముంగిళ్లలో మొక్కలు పెంచడం గురించీ చెప్పింది. ఈ రెంటినీ ఆమె జతగా చూడటంలో ఎంతో లోకజ్ఞానం ఉంది. ముంగిట్లో పచ్చదనం రోజూ కంటికి కావాలి. పసిపిల్లల్ని అమ్మ కిటికీలోంచి కనిపెట్టుకుని ఉండాలంటే అది ఇంటి పక్కనే ఉండాలి. ఏడాదికి సరిపడా దుంపలు మాత్రం ముంగిట్లో పండవు. దానికి దూరమైనా కాస్త పెద్ద చెక్క కావాలి. ఆ చెక్క దగ్గర కుటుంబం మొత్తం కలుస్తుందని అన్నా నమ్మకం. ఇరుకింట్లో విసుగెత్తిన తండ్రి ఆరుబయట పిల్లలతో కలిసి మట్టి పని చేస్తాడు. ఇంట్లో ఒక్క అమ్మ నెత్తినే ఉన్న కూర బెంగ అక్కడ నలుగురికీ పంచబడుతుంది.

ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది. నేల అద్దెదే కాబట్టి నగరం అడిగితే ఖాళీ చేయాల్సిందే. తర్వాతి దశాబ్దాల్లో కొన్నిచోట్ల రోడ్లు, ఇళ్లు వచ్చి మడులు పోయాయి. కొన్ని నిలిచాయి. టాంటోలుండెన్‌లో వందేళ్లు దాటినా ఆ చెక్క గుడిసెలు, పూలు, కూరమళ్లు ఇంకా కనువిందు చేస్తున్నాయి. ఒక్క చెక్క కోసం జనం ఏళ్ల తరబడి వరసలో కాచుకుంటున్నారు.

పాత స్టాక్‌హోమ్ చెక్క ఇళ్లను పడగొట్టకుండా కాపాడటానికీ ఆమె గట్టిగా నిలబడింది. 1941లో, 71వ ఏట కన్నుమూసింది. సముద్రపు పాయ కనిపించే ఫ్యెల్‌గాటన్ వీధి పక్కన ఒక బుల్లి తోటకి ఆమె పేరు పెట్టుకున్నారు. పెద్ద పార్కుకి కాదు, ఓ బుల్లి తోటకి. ఆమెకి అదే తగిన గుర్తు.

మన ఊళ్లలోనూ పెరళ్లు పోయి ఫ్లాట్లు వచ్చాయి. బాల్కనీ కుండీలో పుదీనా వరకు ఫరవాలేదు, ఆనపపాదుకి చోటేదీ? కాలనీలో పిచ్చిమొక్కలు మొలిచి, చెత్త కుప్పలు పడుతున్న ఉమ్మడి జాగా ఒకటైనా ఉండే ఉంటుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, వంతులవారీగా ఎవరు చూసుకుంటారు, పండింది ఎలా పంచుకోవాలి అన్న మూడు సంగతులు ముందే తేల్చుకుంటే, నలుగురు ఇల్లాళ్లు కలిసి వెళ్లి దాన్ని అడగొచ్చు. స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టింది ఇద్దరే మరి!