వై.యస్.రాజశేఖరరెడ్డి - వైద్యసేవలు

యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి (జూలై 8, 1949 - సెప్టెంబర్ 2, 2009) వైద్యుడు, రాజకీయ నాయకుడు, ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన కడప జిల్లా వ్యక్తి. ఈ వ్యాసం ప్రధానంగా ఆయన వైద్యజీవితానికి, హృద్రోగ చికిత్సలకు సంబంధించినది.

జననం, విద్య

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో రాజారెడ్డి, జయమ్మ దంపతులకు జన్మించాడు. గుల్బర్గాలోని ఎం.ఆర్. వైద్య కళాశాలలో ఎం.బి.బి.ఎస్. చదివి, తిరుపతిలో హౌస్ సర్జన్‌గా పనిచేశాడు. తరువాత తాను పుట్టిన ఆసుపత్రిలోనే కొంతకాలం వైద్యాధికారిగా ఉన్నాడు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పాడు. రూపాయి డాక్టరుగా ఆయనకు పేరు వచ్చింది ఇక్కడే. 1978లో పులివెందుల నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు.

ఆరోగ్యశ్రీ

2004 మేలో ముఖ్యమంత్రి అయిన తరువాత, ఖరీదైన శస్త్రచికిత్సలకు సహాయనిధి నుండి సొమ్ము కోరుతూ వచ్చే అర్జీలు ఆయనను ఆలోచింపజేశాయి. వీటిలో హృద్రోగులవి అనేకం. ఈ అనుభవం నుండే ఆరోగ్యశ్రీ పుట్టింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైంది. తొలివిడతలో సొంత జిల్లా లేకపోవడం గమనార్హం. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు పరిమితిగా ఉండేది.

కవాట మార్పిడి ఈ పథకంలోని ముఖ్య చికిత్సలలో ఒకటి. చిన్నతనంలో గొంతునొప్పి తరువాత వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది; ఇది ఎక్కువగా పేదల జబ్బు. అమర్చిన కృత్రిమ కవాటం కుట్లు వదులైతే దాని అంచు వెంట రక్తం వెనక్కి కారుతుంది. ఒకప్పుడు దీనికి మళ్ళీ ఛాతీ తెరవడమే మార్గం. 1990ల తొలినాళ్ళ నుండి తొడలోని రక్తనాళం ద్వారా సన్నని గొట్టం పంపి, చిన్న బిరడాతో ఆ సందును మూసే పద్ధతి వచ్చింది. అయినా అందరికీ ఇది సరిపడదు.

విమర్శలు

ప్రభుత్వ ధనం కార్పొరేట్ ఆసుపత్రులకు తరలిందని, ప్రాథమిక వైద్యం వెనుకబడిందని విమర్శకులు అన్నారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. సకాలంలో పెన్సిలిన్ అందితే చాలావరకు కవాటం చెడే దశ రాదు. అయితే అప్పటికే కవాటం బాగా చెడిన రోగులలో చాలామందికి శస్త్రచికిత్స అవసరమయ్యేది.

మరణం

2009 సెప్టెంబర్ 2న చిత్తూరు జిల్లాకు వెళుతుండగా హెలికాప్టరు నల్లమల అడవులలో కూలి, మరో నలుగురితో పాటు మరణించాడు. ఇడుపులపాయలో సమాధి చేశారు. ప్రొద్దుటూరులోని యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2014 రాష్ట్ర విభజన తరువాత కూడా పథకం, పేర్లు మారుతూ, రెండు రాష్ట్రాలలో కొనసాగింది.