విద్యార్థి దివాను

1902లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఎ. పట్టం పొందినవారిలో ఒక తెలుగు యువకుడున్నారు. ఆ పరీక్ష కోసం ఆయన ఏ కళాశాలలోనూ చేరలేదు. మునగాల సంస్థానంలో కొలువు చేస్తూ, ప్రైవేటుగా చదువుకొని ఉత్తీర్ణులయ్యారు. ఆయనే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు. విజ్ఞానసర్వస్వ నిర్మాతగా, గ్రంథాలయ స్థాపకునిగా, చరిత్రకారునిగా లక్ష్మణరావు పేరు తెలుగునాట సుప్రసిద్ధం. పరీక్షార్థిగా ఆయన జీవితం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయన తరువాత చేపట్టిన మహాకార్యాలకు బీజాలు ఆ చదువు సాగిన తీరులోనే ఉన్నాయి.

లక్ష్మణరావు 1877 మే 18న పెనుగంచిప్రోలులో జన్మించారు. నాటి కృష్ణాజిల్లాలోని ఆ గ్రామం నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. తల్లి గంగమాంబ, తండ్రి వేంకటప్పయ్య. ఊహ తెలియని వయస్సులోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుని ప్రాథమిక విద్య భువనగిరిలో, సవతి అన్న శంకరరావు సంరక్షణలో జరిగింది. అటుపిమ్మట ఆయన భారం అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావు దంపతులు వహించారు. మాధవరావు మధ్యపరగణాలలో ఇంజనీరింగు శాఖ ఉద్యోగి. ఆ విధంగా తెలుగు బాలుడు మరాఠీ మాట్లాడే నాగపూరు సీమకు చేరుకొన్నాడు.

భాష మారితే చదువు కుంటుపడటం సహజం. లక్ష్మణరావు విషయంలో అట్లా జరగలేదు. తరగతిలో నెగ్గుకురావడానికి తప్పనిసరియైన మరాఠీని ఆయన రచన చేయగల స్థాయికి అభ్యసించారు. విద్యార్థి దశలోనే మరాఠీ పత్రికలలో ఆయన వ్యాసాలు ప్రకటితమయ్యాయి. సంస్కృతం, ఆంగ్లం, హిందీ, వంగభాష, ఉర్దూ కూడ క్రమంగా వశమయ్యాయి. అవసరం కొద్దీ మొదలుపెట్టిన చదువును ఆసక్తి కొద్దీ కొనసాగించడం ఆయన స్వభావం. తరువాతి కాలంలో శివాజీ చరిత్రను తెలుగులో రచించడానికి ఈ మరాఠీ పాండిత్యమే తోడ్పడింది.

ఆ ఇంట చదువుకొన్నది లక్ష్మణరావు ఒక్కరే కాదు. అచ్చమాంబ తమ్మునికంటె మూడేళ్లు పెద్ద. ఆడపిల్లను బడికి పంపే ఆచారం లేని కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే అత్తవారింటికి వచ్చిన ఆమెకు గురువంటూ ఎవరూ లేరు. తమ్ముడు పాఠాలు చదువుకొంటున్నప్పుడు తానూ కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకొన్నారు. అనంతరం మరాఠీ, ఆంగ్లం, సంస్కృతం కూడ అభ్యసించారు. కన్నబిడ్డలిద్దరూ మరణించిన దుఃఖంలో సైతం ఆమె పుస్తకాన్ని విడువలేదు. ప్రసిద్ధ స్త్రీల జీవితాలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను వెలువరించారు. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి'ని తెలుగులో వచ్చిన తొలి కథలలో ఒకటిగా విమర్శకులు పరిగణిస్తున్నారు. తమ్ముడు ఎం.ఎ. పట్టం పొందిన సంవత్సరం కూడ అదే. ఒకే దీపం వెలుగులో చదువుకొన్న ఇద్దరిలో ఒకరికి విశ్వవిద్యాలయం ద్వారాలు తెరచింది. రెండవవారికి ఆ ద్వారం దాకా వెళ్లే మార్గమే లేదు.

ఆ ద్వారం ఎట్టిదో కొంత తెలుసుకోవాలి. కలకత్తా విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. ఆ ఏడాది మార్చి నెలలోనే తొలి ప్రవేశపరీక్షను నిర్వహించింది. దానికి 244 మంది కూర్చున్నారు. మద్రాసు, బొంబాయి సీమలలో మెట్రిక్యులేషన్ అని వ్యవహరించిన పరీక్షను కలకత్తా సీమలో ఎంట్రన్సు అనేవారు. అందులో నెగ్గనిదే కళాశాలలో అడుగుపెట్టడానికి వీలులేదు. నెగ్గినవారికైనా పట్టం అందడం సులభం కాదు. 1858లో జరిగిన మొదటి బి.ఎ. పరీక్షలో పట్టభద్రులైనవారు ఇద్దరే. అందులో ఒకరు బంకించంద్ర చటోపాధ్యాయ. ఆ ఇద్దరికీ కూడ ఒక పత్రంలో కొద్దిపాటి మార్కులు కలపవలసి వచ్చింది. లక్ష్మణరావు చదువుకొన్న నాటికి నాగపూరు కళాశాలలు ఈ విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేవి. ప్రశ్నలూ ఆంగ్లంలోనే, సమాధానాలూ ఆంగ్లంలోనే. తెలుగు మాతృభాషగా, మరాఠీ పరిసరాలలో పెరిగినవాడు పరాయిభాషలో ఆలోచనను క్రమపరచి, గడువులోగా కాగితంపై పెట్టవలసి ఉండేది. ఈ వ్యవస్థలో లక్ష్మణరావు 1900లో బి.ఎ. పూర్తిచేశారు.

పట్టభద్రులైన లక్ష్మణరావును మునగాల రాజా నాయని వేంకట రంగారావు ఆదరించి తన కొలువులో చేర్చుకొన్నారు. లక్ష్మణరావు ఆ సంస్థానపు దివానుగా ప్రసిద్ధులయ్యారు. మునగాల పరగణా నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లాకు చెందినదైనా, చుట్టూ ఉన్నది నిజాం రాజ్యమే. సంస్థానపు లెక్కలు, రైతుల ఫిర్యాదులు, కోర్టు వ్యవహారాలు - ఇటువంటి కొలువులో చేరినవారికి తీరిక తక్కువ. అక్కడికి దరిదాపుల్లో కళాశాల లేదు. ప్రైవేటు అభ్యర్థికి పాఠం చెప్పేవారుండరు, సందేహం తీర్చేవారుండరు, ఎంత చదివితే చాలునో చెప్పేవారు అసలే ఉండరు. విశ్వవిద్యాలయం ప్రకటించిన పాఠ్యప్రణాళిక ఒక్కటే అతనికి దారిచూపుతుంది. నిర్ణయించిన గ్రంథాలను సంపాదించుకోవడం, వాటిలో ముఖ్యమైనవేవో తానే తేల్చుకోవడం, మిగిలిన కాలాన్ని వాటికి పంచుకోవడం - ఈ మూడూ చేతనైనవారే గట్టెక్కుతారు. లక్ష్మణరావు బి.ఎ. అనంతరం రెండేళ్లకే ఎం.ఎ. పూర్తిచేశారంటే ఈ మూడింటిలోనూ ఆయన సమర్థులని గ్రహించవచ్చు.

ఆ రెండేళ్ల మధ్య జరిగిన సంగతి మరింత గమనింపదగినది. పరీక్ష దగ్గరపడుతున్నప్పుడు ఇతర వ్యాపకాలను వాయిదా వేసుకొమ్మని పెద్దలు సలహా ఇస్తారు. అది మంచి సలహాయే. లక్ష్మణరావు దానిని పాటించలేదు. ఎం.ఎ. పరీక్షకు చదువుతున్న కాలంలోనే, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించడంలో ప్రధానపాత్ర వహించారు. రావిచెట్టు రంగారావు ఇంట ప్రారంభమైన ఆ గ్రంథాలయానికి మునగాల రాజా అండగా నిలిచారు. ఇంతటి సాహసం అందరికీ తగినది కాదు. లక్ష్మణరావుకు మాత్రం గ్రంథాలయ స్థాపన చదువుకు అడ్డుగా తోచలేదు. పుస్తకం దొరకని చోట విద్యార్థి పడే పాట్లు ఆయనకు స్వయంగా తెలుసు.

ఆ పాట్లు నిజాం రాజ్యంలోని తెలుగు విద్యార్థికి మరింత అధికం. 1880వ దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. కచ్చేరీలోనూ, పాఠశాలలోనూ తెలుగుకు చోటు స్వల్పం. ఓరుగల్లు ఒకనాడు కాకతీయుల రాజధాని. శివకవులకు, పోతనకు నెలవైన సీమ. అటువంటి చోట తెలుగు పుస్తకం, తెలుగు పత్రిక చదవాలని కోరుకొన్న యువకునికి అవి లభించే చోటు అరుదు. బెజవాడకు రైలుమార్గం 1889 నాటికే పడింది. దాని వెంట సరకులు వచ్చాయి, మనుషులు వచ్చారు. పుస్తకాలను ఒకచోట చేర్చి పదిమందికి అందించే ఏర్పాటు మాత్రం రాలేదు.

ఆ లోటును తీర్చడానికి 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. హైదరాబాదు భాషానిలయాన్ని స్థాపించిన లక్ష్మణరావు ప్రభృతుల కృషి ఫలమే ఇది. కాకతీయుల గడ్డమీద గణపతిదేవుని పేరో, రుద్రమదేవి పేరో పెట్టక, రాజమహేంద్రవరం ఏలిన తూర్పుచాళుక్య ప్రభువు పేరు పెట్టడం వింతగా తోచవచ్చు. నన్నయభట్టు చేత భారతాన్ని తెనిగించమని కోరినవాడు ఆ ప్రభువు. పరిపాలన వేరువేరు చేతులలో ఉన్నా, భాష ఒక్కటేనన్న భావన ఆ పేరులో వ్యక్తమవుతున్నది. రుసుము చెల్లించి పాఠశాలలో చేరలేనివారు, చేరినా తమ భాషలో చదువుకొనే అవకాశం లేనివారు అక్కడ కూర్చుని చదువుకోగలిగారు. నిజాం రాజ్యంలో తరువాత వ్యాపించిన గ్రంథాలయోద్యమానికి హైదరాబాదు, హనుమకొండ నిలయాలు తొలిమెట్లు.

1905 జనవరిలో అచ్చమాంబ మరణించారు. అప్పటికి ఆమె వయస్సు 30 ఏళ్లు. ప్లేగు సోకినవారికి సేవచేస్తూ ఆమె ఆ వ్యాధికే బలియయ్యారు. లక్ష్మణరావుకు ఆమె అక్క మాత్రమే కాదు. పెంచిన తల్లి, సహాధ్యాయిని.

మరుసటి సంవత్సరం, 1906లో, లక్ష్మణరావు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, రావిచెట్టు రంగారావు మొదలైన మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పారు. గ్రంథాలయాలు వెలసినా వాటిలో ఉంచడానికి తగిన పుస్తకాలు తెలుగులో ఏవి? కావ్యాలున్నాయి, పురాణాలున్నాయి, శతకాలున్నాయి. దేశచరిత్ర తెలుసుకోగోరినవానికి, జీవశాస్త్రమో రసాయనశాస్త్రమో చదువగోరినవానికి ఆంగ్లమే శరణ్యం. మండలి ప్రథమ ప్రచురణగా హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర వెలువడింది. కట్టెలు కొట్టి, అరువు తెచ్చుకొన్న పుస్తకాలు చదివి న్యాయవాదియైన లింకనును మొదటి గ్రంథానికి ఎన్నుకోవడం కాకతాళీయమని అనుకోలేము. లక్ష్మణరావు స్వయంగా హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం అనే చరిత్రగ్రంథాలు రచించారు. లక్ష్మీపతి జీవశాస్త్రం రచించగా, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర 1910లో మండలి పక్షాన వెలువడటం ప్రారంభమైంది. ఈ గ్రంథాలన్నీ సరళమైన శైలిలో, గురువు లేకుండా చదువుకొనేవానికి సైతం అర్థమయ్యే రీతిలో సాగాయి.

1908లో హరిసర్వోత్తమరావుకు పత్రికారచన కారణంగా మూడేళ్ల కారాగార శిక్ష పడింది. మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. భారమంతా లక్ష్మణరావుపై పడింది. మండలి పుస్తక ప్రచురణతో ఆగక తెలుగులోనే పరీక్షలు కూడ జరిపి, ప్రతిభ చూపినవారికి బహుమతులిచ్చింది. పరాయిభాషలో ప్రవేశపరీక్ష రాసి, ఉద్యోగం చేస్తూ పైపరీక్ష రాసినవారు, పరీక్షార్థి స్వభాషలో సిద్ధపడగల పరీక్షను ప్రజల ముందుంచారు.

ఇక ఆయన జీవితంలో అతిపెద్ద ప్రయత్నం ఆంధ్ర విజ్ఞానసర్వస్వం. సకల శాస్త్రాల సారాన్ని అకారాది క్రమంలో తెలుగువారికి అందించాలని ఆయన సంకల్పించారు. ఎందరినో రచనకు ప్రోత్సహించారు. పెక్కు వ్యాసాలు తానే రచించారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి యువ పరిశోధకులు ఈ కృషిలో పాలుపంచుకొన్నారు. ఎం.ఎ. పరీక్షకు పాఠ్యప్రణాళిక అనే సరిహద్దు ఉన్నది. దేనిని చదవాలో, దేనిని వదలాలో అక్కడ నిర్ణయించుకోవచ్చు. విజ్ఞానసర్వస్వానికి అటువంటి సరిహద్దు లేదు. రెండేళ్లలో ఎం.ఎ. ముగించిన దీక్షాపరుడు ఇక్కడ కాలాన్ని తన వశంలో ఉంచుకోలేకపోయారు. ఒక్కొక్క వ్యాసానికి గ్రంథాలయాలు తిరిగి, శాసనాలు పరిశీలించి, ఆధారం దొరికేదాకా అచ్చుకు ఇచ్చేవారు కారు. ఇది పండితునికి గుణమే; ప్రణాళికకు మాత్రం లోపం. అచ్చులలోని తొలి అక్షరాలు దాటకముందే మూడు సంపుటాలయ్యాయి. ఆరోగ్యం క్షీణించింది. 1923 జూలైలో, 46 ఏళ్ల వయస్సులో, లక్ష్మణరావు మద్రాసులోని వేదవిలాస్ అనే ఇంట కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం 1919లో తుదిశ్వాస విడిచింది కూడ ఆ ఇంటనే.

అసంపూర్ణంగా మిగిలిన విజ్ఞానసర్వస్వాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు తలకెత్తుకొన్నారు. హైదరాబాదులో ఆయన పేరిట వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనాల మొదటి సంపుటాన్ని ప్రకటించింది. కాకతీయుల నాటి శాసనాలు ఎన్నో ఆ విధంగా విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి.

విజ్ఞానచంద్రికా మండలి పుట్టిన 1906లోనే లక్ష్మణరావుకు ఒక కుమార్తె కలిగింది. అంతకు ముందటేడే మరణించిన అక్క పేరు ఆమెకు పెట్టుకొన్నారు. ఆ రెండవ అచ్చమాంబ వైద్యవిద్యకు కావలసిన పరీక్షలన్నీ నెగ్గి డాక్టరయ్యారు. ప్రసూతి, శిశుపోషణ విషయాలపై తెలుగులో గ్రంథం రచించారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.