మార్లిన్‌కు శిష్యుడైన రచయిత

84 దినాలు గాలానికి ఒక్క చేపయినా తగలని ముసలి జాలరి, తుదకు తన పడవకంటె పొడవైన మార్లిన్‌ను పట్టి, దానిని సొరచేపల పాలు చేసుకొని, వట్టి ఎముకలగూడుతో ఒడ్డు చేరిన కథ లోకప్రసిద్ధమైనది. ఆ కథ వ్రాసిన ఎర్నెస్ట్ హెమింగ్వే ఆ మత్స్యాన్ని కేవలం ఊహలో సృష్టించుకొన్నవాడు కాడు. ఇరవై ఏండ్లు దానికి శిష్యరికం చేసినవాడు.

అతడు 1899 జూలై 21వ తేదీన అమెరికాలో, చికాగో నగర సమీపాన ఉన్న ఓక్ పార్క్‌లో జన్మించాడు. వైద్యుడైన తండ్రి పిల్లవానికి చిన్ననాటనే గాలం వేయడం, ప్రకృతిని కన్నులు విప్పి చూడడం నేర్పాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్ క్రాస్ సేవకుడై ఇటలీకి వెళ్లి, 1918లో తీవ్రంగా గాయపడ్డాడు. పిమ్మట పారిస్‌లో విలేఖరిగా ఉంటూ రచన సాగించాడు. 1926, 1929 సంవత్సరాలలో వెలువడిన నవలలు అతనికి కీర్తి తెచ్చాయి. 1932లో క్యూబా తీరాన మార్లిన్ వేటకు దిగాడు. 1934లో పిలార్ అనే సొంత పడవను సమకూర్చుకొన్నాడు.

మార్లిన్ శరీరనిర్మాణం విచిత్రమైనది. దాని పైదవడ ఎముకలు ముందుకు సాగి బల్లెంవలె ఏర్పడినవి. మన విశాఖ తీరపు జాలరులు ఈ జాతి చేపను కొమ్ముకోనాం అనడం ఆ బల్లెమును చూచియే. అంతకంటె వింత కంటివద్ద ఉన్నది. కనుగ్రుడ్డును త్రిప్పవలసిన కండరాలలో ఒకదాని భాగం ముడుచుకొనే శక్తిని విడిచి, వేడిని పుట్టించే కుంపటిగా మారింది. అందువల్ల చల్లని లోతులలోనూ మెదడు, కన్ను వెచ్చగా ఉండి చురుకుగా పనిచేస్తాయి. ఈ మర్మం 1980 తరువాతనే శాస్త్రజ్ఞులకు తేటపడింది, హెమింగ్వే ఎరుగడు.

అయితే తెలియనిదానిని తెలుసుకొనవలెనన్న తపన అతనికి మెండు. తెల్ల, నీలి, చారల, నల్ల మార్లిన్లన్నీ ఒకే జాతివనీ, వయస్సును, లింగాన్ని బట్టి రంగు మారుతుందనీ అతడు తలచాడు. ఆ ఊహతోనే తృప్తిపడక, 1934లో ఫిలడెల్ఫియా ప్రకృతిశాస్త్ర అకాడమీ నుండి క్యూబాకు వచ్చిన కాడ్‌వాలడర్, ఫౌలర్ అనువారితో కలిసి, పట్టిన చేపలను పరీక్షకు పెట్టాడు. 1935లో ఫౌలర్ ఒక కొత్త చేపకు హెమింగ్వే పేరు పెట్టాడు. ఆ మార్లిన్లు వేర్వేరు జాతులని శాస్త్రం నిర్ణయించింది. అయినను అతని ఊహలో సత్యలేశం లేకపోలేదు. నీలి మార్లిన్‌లో ఆడుది 500 కిలోలను మించి పెరుగగలదు. మగది 160 కిలోలు దాటడం అరుదు.

మార్లిన్‌ను సొరచేపలకు కోల్పోయిన ఒక క్యూబా జాలరి సంగతిని 1936లో ఒక పత్రికావ్యాసంలో క్లుప్తంగా వ్రాశాడు. అది 16 ఏండ్లు మనస్సులో పండి, 1952లో చిన్న నవలయింది. అందులోని మత్స్యం పొడవు 18 అడుగులు. నేటి శాస్త్రం ప్రకారం అంతటిది ఆడుదే కావలె. ముసలివాడో దానిని సోదరుడని సంబోధిస్తాడు. ఇక్కడ శాస్త్రం దిద్దవలసినది పదమును మాత్రమే. తాను చంపక తప్పనిదానిని గౌరవించిన ఆ హృదయాన్ని దిద్దనక్కరలేదు.

1953లో పులిట్జర్ బహుమానం, 1954లో నోబెల్ బహుమానం లభించినవి. కాని ఆ ఏటనే ఆఫ్రికాలో జరిగిన రెండు విమాన ప్రమాదాలు అతని దేహాన్ని క్రుంగదీసినవి. తుదకు మనోవ్యాధి పీడితుడై, 1961 జూలై 2న తన ప్రాణాలు తానే తీసుకొన్నాడు. ఆ విషాదం మరపురానిది. విద్యార్థులు గ్రహించవలసిన దొకటి కలదు: ప్రేమించినదానిని కొలిచి తెలుసుకొన్నందువల్ల అతని ప్రేమ తరుగలేదు, ఆ తెలివిడివల్లనే అతని కథకు సత్యం చేకూరింది.