బోదకాలుకు మందు కనిపెట్టిన తెలుగు బిడ్డ

ఈ ఉగాది పండుగనాడు మన పాంచాలంకురిచ్చి ప్రాంతపు తెలుగు కుటుంబాలవారు, మనవలెనే సొంతగడ్డకు దూరంగా బ్రతికిన ఒక మహనీయుని స్మరించుకోవడం ఎంతైనా సముచితం. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవసారి చెన్నపట్నంలో గట్టెక్కారు. మెట్రిక్యులేషన్‌తోనే చదువాపి రైల్వే గుమస్తానైన నాబోటివాడికి ఈ సంగతి కొండంత ధైర్యం. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి దొరల కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఆ పిమ్మట అమెరికా వెళ్లి, హార్వర్డులో ఉష్ణదేశపు వ్యాధుల శాస్త్రం చదివారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన ఆధ్వర్యంలో జరిగిన పరిశోధనల ఫలితంగా 1947లో బోదకాలుకు హెట్రజాన్ అనే మందు వెలువడింది.

బోదకాలు గోదావరి జిల్లాలవారికీ, అరవదేశంవారికీ చిరపరిచితమే. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటువల్ల దారపుపోగువంటి సన్నని పురుగులు మన ఒంట్లో చేరుతాయి. ఏళ్లతరబడి ఏ బాధా తెలియకపోవచ్చు. తర్వాత చలిజ్వరం, గజ్జలలో బిళ్ళ కట్టడం, కాలిమీద ఎర్రగా కమిలి నొప్పి, నాలుగురోజులకు తగ్గి మళ్లీ రావడం — ఇవి తొలి గుర్తులు. పాదం వాచినా, మగవారికి వరిబీజం దిగినా అశ్రద్ధ చేయరాదు. సిగ్గుపడి దాచుకుంటే నష్టపోయేది మనమే.

ఈ క్రిమి పిల్లలు రాత్రివేళనే నెత్తుటిలో విరివిగా తిరుగుతాయి. అందుచేతనే వైద్యులు రాత్రి పది దాటాక వేలి నుండి నెత్తురుచుక్క తీసి పరీక్షిస్తారు. సుబ్బారావు గారి మందు ఈ క్రిములను చంపగలదు. కాని బండబారిన కాలిని మునుపటివలె చేయలేదు. కనుక తొలిదశలోనే వైద్యుని చూడాలి. వాపు వచ్చినవారు కాలిని రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా కాపాడుకోవాలి.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. సముద్రం దాటిన మనిషి తిరిగి స్వదేశం చూడలేదు. కాని ఆయన మందు మాత్రం వచ్చింది. ఇంటింటికీ తిరిగి ఉచితంగా పంచారు. కొత్త సంవత్సరంలో దోమతెర కట్టుకొని, ఇంటిముందు మురుగు నిలువకుండా చూసుకోవడమే మనం ఆయనకు చేయదగిన పూజ.