గ్రామదేవతలనుగూర్చి విచారించిన బిషప్పుగారు

తాడేపల్లిలో గృహ ప్రార్థనలకు వెళ్లినప్పుడు పెద్దలు మమ్ములను తరచు అడుగు ప్రశ్న ఒకటి గలదు. మన తాత ముత్తాతలు మ్రొక్కిన పోలేరమ్మ, అంకమ్మ నిజముగా ఎవరు? దయ్యములా, వట్టి రాళ్లా? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారిని ఇచ్చట జ్ఞాపకము చేసికొనుచున్నాము.

వీరు 1853లో ఇంగ్లండులో జన్మించిరి. తత్త్వవేత్త ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ వీరి తమ్ముడే. 1883లో కలకత్తా బిషప్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా వచ్చి, 1899 నుండి 1922 వరకు మద్రాసు బిషప్పుగా నుండిరి. 1912 డిసెంబరు 29న అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందుట వెనుక వీరి పట్టుదల ఎంతో గలదు.

ఆ దినములలో తెలుగు పల్లెలనుండి మాల మాదిగలు గుంపులుగా సంఘములో చేరుచుండిరి. వారు విడిచి వచ్చిన దేమిటో తెలియవలెనని దొరగారు ఊరూర విచారించి, 1916లో దక్షిణదేశపు గ్రామదేవతలనుగూర్చి ఒక గ్రంథము ప్రచురించిరి. శివుడు, విష్ణువు విశ్వమునకు సంబంధించినవారు. గ్రామదేవతలకు ఊరి పొలిమేరయే లోకము. వారు దాదాపు అందరు స్త్రీలు. కలరా, మశూచి, పశువుల రోగము, ఇవే వారి అధికారము. అకాల మరణము నొందిన మనుష్యులే కొన్నిచోట్ల దేవతలైరని కూడ వారు గమనించిరి. మన ప్రాంతమున పేరంటాళ్లకు మ్రొక్కుట చూచినవారికి ఇది వింతగాదు.

దున్నపోతును నరికి, దాని కాలు దాని నోటనే పెట్టి, తలపై దీపము వెలిగించుట, నెత్తురు కలిపిన అన్నమును పొలిమేర చుట్టు పొలి చల్లుట వారు వివరముగా వ్రాసిరి. ఆ కొలుపులో డప్పు కొట్టినవారు మనవారే. ఈ సంగతి చెప్పుకొనుటకు మనలో కొందరు సిగ్గుపడుదురు గాని, మాకు ఆ సిగ్గు అనవసరమని తోచుచున్నది. దొరగారు ఆ పూజలో భయమును చూచిరి, దాని క్రూరత్వమును దాచలేదు. అయినను బలిలో దేవునితో సహవాసము కోరు మనుష్యుని ఆశ యున్నదనియు గుర్తించిరి.

వారు 1947లో మరణించిరి. అమ్మవారు పోయుట 1975 తరువాత మన దేశములో లేదు. పోలేరమ్మ కొలుపు మాత్రము ఆగలేదు. భయము రోగమునుగూర్చి మాత్రమే యైనచో రోగముతోనే పోవలసినది గదా! మిగిలిన భయమేమిటో ఆ పెద్దలనే మేము తిరిగి అడుగుచున్నాము. బిడ్డలేని కోడలి సంగతి, వాన రాని సంవత్సరమున ఎండిన మిరపచేను సంగతి వారు చెప్పుచున్నారు.