కమ్మరి ఇంట పుట్టిన ఫారడే

మైకేల్ ఫారడే పేరు వినని సైన్సు విద్యార్థి ఉండడు. విద్యుత్ ప్రేరణ సూత్రాలు పరీక్షల కోసం మనమంతా బట్టీ పట్టినవాళ్ళమే. అయితే ఆ మహాశయుడు ఉక్కు కరిగిస్తూ, గాజు పోస్తూ ఎన్నో ఏళ్ళు గడిపిన సంగతి పాఠ్యపుస్తకాల్లో కనపడదు.

నేను ఫిజిక్సు ప్రధానంగా చదువుతూ మెటీరియల్ సైన్సును మైనర్‌గా తీసుకున్నాను. ఫారం నింపిన రోజున హాస్టల్లో మిత్రులు నవ్వారు. కంప్యూటర్లు వదిలేసి ఈ ఇనుప చదువెందుకన్నారు. ఇంటికి పోతే మా బాపూ అదే అడిగాడు, కాకపోతే మెల్లగా అడిగాడు. పసుపు అమ్మిన డబ్బుతో ఫీజు కట్టే మనిషికి జవాబు చెప్పాలి గదా! ఆ జవాబు వెతుక్కుంటూ పోతే నాకు ఫారడే దొరికాడు.

ఆయన 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గరి న్యూయింగ్టన్ బట్స్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి, పైగా రోగిష్టి. 1801లో ధరలు మండిపోయినప్పుడు పిల్లవాడి చేతికి ఒక రొట్టె ఇచ్చి వారమంతా సరిపెట్టుకోమన్న ఇల్లు అది. బడి చదువు అక్షరాలు, కాసిని లెక్కల దగ్గరే ఆగింది. పద్నాలుగో ఏట రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగు పనికి కుదిరి ఏడేళ్ళు చేశాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే చదువుకున్నాడు. 1812లో ఒక ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వాటిని బొమ్మలతో సహా రాసుకుని, తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు. ఇదంతా చాలామందికి తెలిసిన కథే.

తెలియనిది 1818లో మొదలయింది. ఆయన అసలు ఉద్యోగం రసాయనశాస్త్రం. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి, పక్క పనిగా ఉక్కు మీద పడ్డాడు. ఆ కాలంలో ఇంగ్లండులో అందరినీ ఆశ్చర్యపెట్టిన లోహం మనదే. వాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే అక్కడ నోరు తిరగక అలా అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. మా నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో అప్పట్లో మట్టి మూసల్లో ఈ ఉక్కు కరిగించేవారు. పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి కొనుక్కుపోయేవారు. ఫారడే చేతిలో పడిన ముక్క మా జిల్లాదేనని నేను దబాయించను గాని, చదువుతుంటే ఒళ్ళు పులకరించిన మాట నిజం.

1819లో ఆయన వూట్జ్‌ను విశ్లేషించి ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో అల్యూమినా, సిలికాల జాడ కనిపించిందనీ, ఆ ఉక్కు గొప్పదనం వాటివల్లేననీ అనుకున్నాడు. అది తప్పు. అసలు సంగతి ఆ ఉక్కులో బాగా ఎక్కువగా ఉన్న కార్బనులోనూ, మూసలో అది మెల్లగా చల్లారే తీరులోనూ ఉందని తర్వాతివాళ్ళు తేల్చారు. ఫారడే అంతటివాడు కూడా పొరబడ్డాడని తెలిసిన రోజున, ల్యాబులో వరసగా మూడుసార్లు నా లెక్క తప్పిన దిగులు సగం తగ్గింది.

పొరపాటు పొరపాటే గాని పని ఆగలేదు. ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశారు. అయిదు వందల పాళ్ళ ఉక్కుకు ఒక పాలు వెండి కలిపితే మేలని గమనించారు. 1820, 1822లలో మిశ్రమ ఉక్కులపై వ్యాసాలు వచ్చాయి. 1823లో స్టోడార్ట్ చనిపోయాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆ పని మూలపడింది. కొలిమిలో పోసిన ప్లాటినం ఖర్చు తలచుకుంటే మా బాపు గుండె ఆగిపోయేది!

1825లో రాయల్ సొసైటీ వారు దూరదర్శినులకు మంచి గాజు కావాలని ఆయనకు మరో భారం అప్పగించారు. 1827లో కొలిమి కట్టించి, సీసం, బోరిక్ ఆమ్లం, సిలికా కలిపి బరువైన గాజు పోశాడు. ఏళ్ళు పట్టింది. దూరదర్శినులకు మాత్రం అది పెద్దగా అక్కరకు రాలేదు. 1831లో ఆ పని వదిలేశాడు. ఆగస్టు 29న ఇనుప కడియానికి తీగలు చుట్టి విద్యుత్ ప్రేరణ కనుక్కున్నది కూడా ఆ ఏడే.

గాజు ముక్కలు మాత్రం పారేయలేదు. 1845 సెప్టెంబరు 13న అయస్కాంత బలానికి కాంతి లొంగుతుందా అని ఒక్కొక్క పదార్థమే పెట్టి చూస్తున్నాడు. ఏదీ పలకలేదు. చివరకు ఆ పాత బరువు గాజు పెట్టాడు. దానిలోంచి వెళ్ళిన ధ్రువిత కాంతి తలం తిరిగింది! ఆ నవంబరులో అదే గాజును అయస్కాంతం మధ్య వేలాడదీసి డయా అయస్కాంతత్వం కూడా గమనించాడు.

1867 ఆగస్టు 25న ఆయన కన్నుమూశాడు. ఉక్కు ముక్కలు ఒక పెట్టెలో మిగిలిపోయాయి. రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే లోహశాస్త్రజ్ఞుడు వాటిలో 79 నమూనాలను పరీక్షించి 1931లో ఒక పుస్తకం అచ్చువేశాడు.

దసరా సెలవుల్లో ఇదంతా బాపుకు చెప్పాను. గాజు సంగతి ఆయనకు అంతగా పట్టలేదు. కమ్మరి కొడుకు అన్నచోట మాత్రం బీడీ ఆర్పి విన్నాడు. కోనసముద్రం ఉక్కుకు ఆ పదును ఎట్లా వచ్చేదో మీ కాలేజీలో చూపిస్తారా అని అడిగాడు. వచ్చే సెమిస్టర్లో లోహాన్ని నున్నగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూడటం నేర్పుతారని చెప్పాను. ట్రాక్టరు వచ్చాక మా నాగలి అటక ఎక్కింది. తెల్లవారి నేను బస్సెక్కే ముందు దాని కర్రు ఊడదీసి, గోనెపట్టాలో చుట్టి నా సంచిలో పెట్టాడు. ఇప్పుడది హాస్టల్లో నా మంచం కింద ఉంది.