మూడున్నర మైళ్ల కాలువ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు ఫోన్ చేస్తే, నాకు తెలిసింది మట్టి పని ఒక్కటే అన్నాను. అదే రాయమన్నారు. ముప్పై ఏళ్లుగా కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి కాబట్టి, కాలువ తవ్వించిన ఒక పాదిరి గారి గురించి రాస్తున్నాను.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలో మిన్నెసోటా ప్రాంతంలో సర్వే బృందంలో పనిచేశారు. తరువాత లాయరు అవుదామనుకున్నారు గాని, చదువుకునే రోజుల్లోనే క్రీస్తు మీద విశ్వాసం కుదిరి దారి మారింది. 1865లో మన దేశం వచ్చి, మరుసటి ఏడు భార్య హారియెట్‌తో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికి ఆ తెలుగు మిషను ఫలితం ఎంత తక్కువంటే, దాన్ని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు.

ఒంగోలులో ఆయన బడి పెట్టారు. పై కులాల పిల్లలు చేరారు. పెద్ద కుటుంబాలు దగ్గరైతే ఊరంతా దగ్గరవుతుందని ఆశ. ఇంతలో తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నారు, ఆయన వెనుక మాదిగ పల్లెలు కదిలాయి. వాళ్లను చేర్చుకుంటే మేము రామని పై కులాల వారు తేల్చి చెప్పారు. క్లౌ తన గదిలో బైబిలు తెరిస్తే, లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడనే కొరింథీ పత్రికలోని మాట కంటపడింది. పక్క గదిలో హారియెట్ కూడా అదే అధ్యాయం తెరిచి కూర్చున్నారట. ఇంజనీరును, యాదృచ్ఛికమని కొట్టేయగలను. కాని తరువాత చేసింది యాదృచ్ఛికం కాదు. వచ్చినవాళ్లను చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. బడి నడిపిన మన మాస్టార్లకు ఆ ఖాళీ బెంచీల బరువు తెలుస్తుంది.

1876లో వానలు పోయాయి. రెండేళ్ల కరువు. సర్కారు కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ మూడున్నర మైళ్ల కంట్రాక్టు తీసుకున్నారు. కంట్రాక్టరంటే లాభం చూసుకునేవాడని మనకు తెలుసు, ఈయన చూసుకున్నది కూలి. మాదిగ కూలీలను వేరే పనుల దగ్గర హీనంగా చూస్తారు, ఇక్కడ ఆ బెడద ఉండదని జనం నడిచి వచ్చారు. ఆయన దగ్గరి తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. పార, గంప, మట్టి. అలసి కూర్చున్నవేళ పక్కన చేరి రెండు మంచి మాటలు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తరువాతిది. కూలి దొరుకుతున్న రోజుల్లో జనం బాప్తిస్మం అడిగితే ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. మిషను లెక్కలు పెంచుకోదలచిన మనిషి అలా చేయడు. కరువు పని ముగిసి, ఇచ్చేందుకు డబ్బు లేనప్పుడు కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. క్లౌ దిగలేదు.

1910లో ఆయన అమెరికాలో కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి వెలిసింది.

ఒకసారి పని మీద అటు వెళ్లినప్పుడు పూడిన కాలువ గట్టున గేదెలు కాస్తున్న పెద్దాయన్ను, ఇది ఎవరు తవ్వించారని అడిగాను. దొర సంగతి ఆయనకు తెలియదు. తవ్వింది మాత్రం తన ముత్తాత వాళ్లేనని, అక్కడి నుంచి ఇక్కడి దాకా అని కర్రతో చూపించాడు.